రేపటి తెలుగు టీచర్లకు అక్షరాలు వస్తే సరిపోతుందా?



ప్రతి సంవత్సరం ఈ సంచికలో పిల్లల కథలు, పద్యాలు, బొమ్మలు చూసి మనమంతా మురిసిపోతుంటాం. ఈసారి మేము కొంచెం వేరే విషయం మీ ముందుకు తెస్తున్నాం. ఇది పిల్లలకు రేపు పాఠాలు చెప్పబోయేవారి గురించి.

ఈ బడి మొదలుపెట్టిన రోజుల్లో పాఠాలు చెప్పిన మేమంతా ఇండియాలో తెలుగు చదువుకుని అమెరికా వచ్చినవాళ్లమే. వారమంతా ఆఫీసు పని, ఆదివారం పొద్దున్న బడి. ఇప్పుడు మాలో కొందరికి మనవలు పుట్టారు. కొందరు ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయారు. మా స్థానంలోకి వస్తున్నవాళ్లు ఇక్కడే పుట్టి, ఇదే బడిలో ఓనమాలు దిద్ది, ఇప్పుడు హైస్కూలు చదువుతున్న పిల్లలు. చిన్నపిల్లలు వాళ్లను అన్నా, అక్కా అని పిలుస్తారు. ఈ అన్నలు, అక్కలు మంచి టీచర్లయితే బడి నిలుస్తుంది. కాకపోతే ఇంకో పదేళ్లకు బడీ ఉండదు, ఈ సంచికా ఉండదు. ఉన్న మాటే చెబుతున్నాం.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ల క్రితం మొదటిసారి హైస్కూలు పిల్లలను సహాయకులుగా తీసుకున్నప్పుడు, వాళ్లకు మూడు రోజులు శిక్షణ ఇచ్చాం. గుణింతాలు, ఒత్తులు, పాఠ్యపుస్తకం, హోంవర్కు దిద్దే పద్ధతి అన్నీ చెప్పాం. అందరిలోకీ చురుకైన ఒక అబ్బాయికి రెండో తరగతి అప్పగించాం. అతని చేతిరాత ముత్యాల్లా ఉండేది, చదివితే తడబాటు ఉండేది కాదు.

ఒక ఆదివారం 'మా కుటుంబం' అనే అంశం మీద పిల్లల చేత నాలుగు వాక్యాలు రాయించాం. ఒక చిన్నారి 'మా జేజి కడపలో ఉంది' అని రాసింది. పుస్తకంలో ఉన్న మాట 'నాయనమ్మ'. మన సహాయకుడు 'జేజి' మీద ఎర్ర గీత గీసి, పైన 'నాయనమ్మ' అని రాసి, 'ఇది తెలుగు కాదు' అన్నాడు. పక్కనున్న ఇద్దరు పిల్లలు నవ్వారు.

ఆ రాత్రి ఆ పాప ఫోనులో వాళ్ల జేజిని, 'నువ్వు మాట్లాడేది తెలుగు కాదా?' అని అడిగిందట. ఆ తర్వాత మూడు వారాలు బడికి రాలేదు. వాళ్లమ్మగారు వచ్చి చెబితే గాని మాకు సంగతి తెలియలేదు.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. దిద్దమన్నాం, దిద్దాడు. రాయలసీమలో చాలా ఇళ్లలో నాన్నగారి అమ్మను జేజి అంటారని అతనికి తెలియదు. కానీ తెలియకపోవడం ఒక్కటే కాదు లోపం. తెలియని మాట ఎదురైనప్పుడు, 'ఇది ఎక్కడి మాటమ్మా?' అని అడగాలన్న ఆలోచన రాలేదు. ఆ అలవాటు మేము నేర్పలేదు. తప్పు మాది.

చదువు, నేర్పు, సంస్కారం

ఈ సంఘటన తర్వాత, మాలో టీచరు శిక్షణ తీసుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే, వాళ్లను అడిగి అసలు టీచర్లను తయారుచేసే కళాశాలల్లో ఏం నేర్పుతారో తెలుసుకున్నాం. అమెరికాలో ఉపాధ్యాయ శిక్షణను మూడు భాగాలుగా చూస్తారు. మొదటిది విషయ జ్ఞానం. రెండవది బోధనా నైపుణ్యం. మూడవదాన్ని డిస్పొజిషన్స్ అంటారు. స్వభావం, వైఖరి, మనసుకు పట్టిన అలవాటు, ఇవన్నీ కలిసిన మాట అది. మేము దాన్ని వృత్తి సంస్కారం అని పిలుచుకుంటున్నాం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 'హౌ వుయ్ థింక్' అనే పుస్తకం 1910లో రాశారు, 1933లో దాన్ని తిరగరాశారు. ఆలోచించే మనిషికి పద్ధతులు తెలిస్తే చాలదు, మూడు వైఖరులు కావాలన్నారు. కొత్త విషయాన్ని వినే తెరిచిన మనసు, పనిలో మనస్ఫూర్తిగా నిమగ్నం కావడం, తన పని వల్ల కలిగే ఫలితానికి బాధ్యత వహించడం. చిన్నపిల్లల విద్యలో పేరుపొందిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు లిలియన్ కాట్జ్ మరో తేడా స్పష్టం చేశారు. ఒక నైపుణ్యం ఉండడం వేరు, దాన్ని వాడాలనే బుద్ధి ఉండడం వేరు. చదవడం వచ్చిన ప్రతివాడూ పుస్తకం తెరవడు కదా!

ఉపాధ్యాయ కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థల్లో 1954లో ఏర్పడిన ఎన్‌కేట్ ఒకటి. 2000 సంవత్సరపు ప్రమాణాల్లో అది జ్ఞానం, నైపుణ్యంతో పాటు ఈ మూడో మాటనూ చేర్చింది. 2013లో ఆ సంస్థ మరో సంస్థతో కలిసి కేప్ అనే పేరుతో కొత్త సంస్థ అయింది. ఇన్‌టాస్క్ అనే మరో ప్రమాణాల పత్రం 2011లో కొత్త రూపంలో వచ్చింది. అందులో 10 ప్రమాణాలు ఉన్నాయి. ప్రతి ప్రమాణం కింద టీచరు చేయవలసింది, టీచరుకు తెలియవలసింది, టీచరుకు ఉండవలసిన వైఖరి అని మూడు జాబితాలు కనిపిస్తాయి. ఇండియాలో కూడా 2014 నిబంధనల తర్వాత బీ.ఎడ్. రెండేళ్ల చదువైంది. అందులో 20 వారాలు బడుల్లోనే గడపాలి. పుస్తకంలో నేర్చుకోలేనిది ఒకటుంది, అది పిల్లల మధ్యనే అలవడుతుంది అని ఆ 20 వారాల అర్థం.

మూడు సెకన్ల కథ

ఈ సంస్కారం అనేది గాలిలో మాటలా అనిపించవచ్చు. అందుకే ఒక చిన్న ఉదాహరణ చెబుతాం.

మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో జరిగే సంభాషణలను రికార్డు చేసి, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున సుమారు 1 సెకను! అంతలోనే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో జరుగుతోంది. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లలు పొడుగు జవాబులు చెప్పారు, మౌనంగా ఉండిపోవడం తగ్గింది, వాళ్లే తిరిగి ప్రశ్నలు అడిగారు. ఇంకో విషయం కూడా ఆమె గమనించారు. బాగా చదువుతారని తాము అనుకున్న పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగుతున్నారు. వెనుకబడ్డారని అనుకున్నవారికి తక్కువ సమయం ఇస్తున్నారు. సమయం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ!

ఇప్పుడు చూడండి. 'మూడు సెకన్లు ఆగాలి' అని తెలియడం జ్ఞానం. ఆగగలగడం నైపుణ్యం. ఎవరూ చూడని ఆదివారం నాడు, గడియారం పన్నెండు దగ్గర పడుతుంటే, వెనుక బెంచీలో నత్తినత్తిగా చదివే పాప కోసం కూడా ఆగడం సంస్కారం. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉండి ఏం లాభం?

మన పిల్లలకు ఈ విరామం మరీ అవసరం. ఇంగ్లీషులో ఆలోచించి, మాట వెతుక్కుని, తెలుగులోకి తెచ్చుకుని, నోరు తెరిచేసరికి ఒక సెకను ఎప్పుడో దాటిపోతుంది.

ఈ సంగతి సహాయకులకు చెప్పి, మమ్మల్నే పరీక్షించమన్నాం. ఒక అమ్మాయి స్టాప్‌వాచీ పట్టుకుని వెనుక కూర్చుంది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న మా టీచరుగారు ఒకరు ప్రశ్న అడగడం, తనే జవాబు చెప్పుకోవడం ఆ పాప కాగితం మీద తేలింది. ఆవిడ చూసి గట్టిగా నవ్వి, 'ఇన్నాళ్లూ నాకు నేనే పాఠం చెప్పుకుంటున్నానన్నమాట!' అన్నారు. పెద్దవాళ్లు తమ లోపాన్ని అలా ఒప్పుకోవడం చూసిన రోజున పిల్లలు నేర్చుకున్నది, మేము ఏడాదంతా చెప్పినదానికంటే ఎక్కువ.

'త'కు బదులు 'ట' అంటే తప్పెవరిది?

ఇంకొక సంగతి. మన పిల్లల్లో చాలామంది 'తాత'ను 'టాటా' అన్నట్టు పలుకుతారు. ల, ళ కలిసిపోతాయి. న, ణ ఒకటైపోతాయి. 'ఎన్నిసార్లు చెప్పాలి?' అని విసుక్కోవడం సులువు.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపాపలకు హిందీలోని త, ట వంటి శబ్దాలు వినిపించి చూశారు. 6 నుంచి 8 నెలల పాపలు ఆ తేడాను గుర్తుపట్టారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. తన చుట్టూ వినపడని తేడాను చెవి క్రమంగా వదిలేస్తుంది. ఇంగ్లీషులో మన 'త'కూ 'ట'కూ మధ్యలో ఉండే ఒకే శబ్దం ఉంది. రోజంతా అదే వినే పిల్లకు ఈ రెండూ ఒకేలా వినిపించడంలో వింత లేదు.

కాబట్టి ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. ముందు చెవికి తేడా తెలియాలి, తర్వాత నాలుకకు చోటు చూపించాలి. 'త' అన్నప్పుడు నాలుక పళ్లను తాకుతుంది, 'ట' అన్నప్పుడు వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే పిల్లలకు సరదాగా కూడా ఉంటుంది. ఈ కారణం తెలిశాక మన సహాయకుల గొంతులో విసుగు తగ్గింది. ఓపిక పట్టమని ఊరికే చెబితే ఓపిక రాదు. ఎదుటివాడి కష్టం ఎక్కడుందో తెలిస్తే దానంతట అదే వస్తుంది.

పిల్లల భాష నేర్చుకున్న మాస్టారు

ఇదంతా అమెరికావాళ్లు కనిపెట్టిన విద్య అనుకోనక్కరలేదు. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీరు వినే ఉంటారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాష వేరు, దానికి పుస్తకాలు లేవు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలని పంతులుగారు అనుకున్నారు. కష్టపడి సవర భాష నేర్చుకున్నారు, వాచకాలు తయారుచేశారు, బడులు నడిపారు, ఆ భాషకు వ్యాకరణం రాశారు.

జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని వాదించింది కూడా ఈ పంతులుగారే. ఆయన ఉద్యమం ఫలితంగానే మనం ఈ రోజు ఈ వ్యాసం ఇలా మాట్లాడినట్టు రాయగలుగుతున్నాం. పిల్లవాడి నోట్లో ఉన్న మాటను ముందు గౌరవించి, అక్కడినుంచి చదువు మొదలుపెట్టడం, ఇదే ఆయన చూపిన వృత్తి సంస్కారం. మా ఎర్ర గీత దానికి సరిగ్గా వ్యతిరేకమని మాకు అప్పుడు తెలిసివచ్చింది.

మేము ఇప్పుడు ఏం చేస్తున్నాం?

మొదటిది, కొత్త సహాయకులకు వెంటనే తరగతి అప్పగించడం మానేశాం. మొదటి ఎనిమిది ఆదివారాలు ఒక పెద్ద టీచరు పక్కన కూర్చుంటారు. పాఠాన్ని కాదు, పిల్లలను చూడమంటాం.

రెండవది, ఒక చిన్న నోటుపుస్తకం. బడి అయ్యాక అందులో మూడు సంగతులు రాయాలి. ఈ రోజు నేను ఎవరిని పలకరించాను? ఎవరిని పలకరించలేదు? నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఏమిటి? తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే. రెండో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడే చాలామందికి కళ్లు తెరుచుకుంటాయి. వరుసగా మూడు వారాలు ఒకే పేరు కనిపిస్తే, నాలుగో వారం ఆ పిల్లవాడి పక్కన కూర్చోవాలని మేము చెప్పనక్కరలేదు.

మూడవది, 'నాకు తెలియదు, వచ్చే వారం కనుక్కుని చెబుతాను' అనే వాక్యం. దీన్ని నామోషీ పడకుండా అనడం అందరికీ నేర్పుతున్నాం. వచ్చే వారం నిజంగా చెప్పడం దానికన్నా ముఖ్యం.

నాలుగవది, పిల్లల సంగతులు గది దాటకూడదు. ఎవరి పిల్లకు ఏం రాలేదో పార్కింగ్ లాట్‌లో మాట్లాడుకోకూడదు. మన తెలుగువాళ్ల ఊళ్లో మాట ఎంత వేగంగా తిరుగుతుందో మీకు వేరే చెప్పాలా?

సంస్కారానికి మార్కులు వేయవచ్చా?

వేయకూడదని మా అభిప్రాయం. అమెరికా కళాశాలల్లోనే దీనిమీద పెద్ద వివాదం జరిగింది. ఎన్‌కేట్ తన వివరణలో 'సామాజిక న్యాయం' అనే మాటను ఒక ఉదాహరణగా ఇచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని విద్యార్థుల రాజకీయ అభిప్రాయాలను కొలుస్తారేమోనని విమర్శలు రావడంతో 2006లో ఆ మాటను తొలగించింది. మనిషి లోపల ఏం నమ్ముతున్నాడో కొలవబోతే ఇలాంటి చిక్కే వస్తుంది. పైగా మార్కులుంటే నటించడం కూడా నేర్చుకుంటారు.

మన బడికి అన్ని ప్రాంతాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు, అన్ని పార్టీలవాళ్లు వస్తారు. అందుకని మేము ఒక నియమం పెట్టుకున్నాం. సహాయకులతో మాట్లాడేటప్పుడు కళ్లకు కనపడిన పని గురించే మాట్లాడతాం. 'నీకు ఓపిక లేదు' అనం. 'రెండో ప్రశ్న అడిగాక నువ్వు ఆగలేదు, వచ్చే వారం ఆగి చూడు' అంటాం. మొదటి మాట పిల్లవాణ్ని కుంగదీస్తుంది. రెండో మాట వాడికి ఒక దారి చూపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి

మీ అబ్బాయో అమ్మాయో కాలేజీ అప్లికేషన్‌లో సేవా గంటలు చూపించుకోవడానికే బడికి వస్తున్నారని కొందరు మొహమాటంగా చెబుతుంటారు. పరవాలేదు, పంపించండి. గంటల కోసం వచ్చి, ఒక చిన్నవాడు మొదటిసారి తన పేరు తెలుగులో రాసుకోవడం చూసి ఉండిపోయినవాళ్లు మాకు తెలుసు. అందరూ ఉండిపోరు. అదీ సహజమే.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం కారులో 'ఎంతమందికి పాఠం చెప్పావు?' అని కాకుండా, 'ఈ రోజు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావు?' అని అడగండి. ఇంట్లో మీ ఊరి తెలుగే మాట్లాడండి. మీ మాండలికం గురించి సిగ్గుపడకండి, పక్కింటివాళ్ల మాండలికాన్ని వెక్కిరించకండి. పిల్లలు అన్నీ వింటారు. టీచరు శిక్షణ మొదలయ్యేది అక్కడే.

పిల్లలూ, మీకొక మాట

మీ అన్నలకు, అక్కలకు అన్నీ తెలియవు. మాకూ తెలియవు. మీ ఇంట్లో వాడే మాట పుస్తకంలో లేకపోతే చెయ్యి ఎత్తి చెప్పండి. ఆ రోజు మీరే మాకు టీచరు.

ఇంతకీ ఆ చిన్నారి ఏమైందంటారా? ఎర్ర గీత గీసిన అన్నే వాళ్లింటికి ఫోను చేసి, 'తప్పు నాదమ్మా, నాకు ఆ మాట తెలియదు, నువ్వు వచ్చి నేర్పుతావా?' అని అడిగాడు. పాప వచ్చింది. ఆ ఆదివారం రెండో తరగతిలో అందరూ తమ ఇళ్లలో పెద్దావిడను ఏమని పిలుస్తారో చెప్పారు. నాయనమ్మ, నాన్నమ్మ, మామ్మ, బామ్మ, బాపమ్మ, అవ్వ, జేజి. ఆ మాటలన్నీ అతను తన ముత్యాల్లాంటి చేతిరాతతో ఒక పెద్ద అట్ట మీద రాశాడు. అది ఇప్పటికీ ఆ గది గోడ మీద ఉంది.

ఆ అబ్బాయి ఈ వేసవిలో కాలేజీకి వెళ్లిపోయాడు. చివరి ఆదివారం తన నోటుపుస్తకాన్ని కొత్తగా చేరిన ఒక సహాయకురాలి చేతిలో పెట్టాడు. మొదటి పేజీలో, 'నన్ను ఆశ్చర్యపరిచిన విషయం' అన్నచోట ఒకే మాట ఉంది: జేజి.

వచ్చే విద్యా సంవత్సరానికి సహాయకుల అవసరం ఉంది. తెలుగు పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు, కలిసి నేర్చుకుందాం. చిన్నపిల్లల కోసం మూడు సెకన్లు ఆగగలిగినవాళ్లు వస్తే చాలు.